ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు

సోమవారం

ఈ డైరీ చీరల కొట్టువాళ్ళు మా కోడలు నాగవేణికి ఇచ్చింది. తనకి అక్కర్లేదంటే నేను తీసుకున్నాను. ఇందులో అచ్చువేసిన తేదీలకూ నేను రాసే రోజులకూ పొంతన లేదు. ఉన్నా ఎవరు చూడొచ్చారు. ఐదో తరగతితో ఆగిన చదువు, అక్షరాలు కలిపి రాసుకోవడమే గొప్ప. నోటితో చెప్పుకుందామంటే "మళ్ళీ మొదలెట్టావా అమ్మా" అంటాడు సురేష్. కాగితం అనదు.

శుక్రవారం మధ్యాహ్నం నేను నిద్రపోలేదు. మనవరాలు సాయిశ్రీకి పప్పన్నం పెట్టాను, మూతి తుడిచాను, చాప మీద పక్కన పడుకోబెట్టుకుని వీపు నిమిరాను. కళ్ళు మూసుకున్నాను, అంతే. షుగరు బిళ్ళ పడితే కళ్ళు వాటంతటవే మూతబడతాయి. అది నిద్ర కాదు. గడియ కూడా వేశాను.

కళ్ళు తెరిచి చూస్తే పక్కింటి అమలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో మా పిల్ల. కృష్ణ ఒడ్డున మెట్ల మీద నిలబడి నీళ్ళు చూస్తోందట. పైనుంచి వరద వచ్చింది కదా, నీళ్ళు పైమెట్టు దాకా ఉన్నాయంది. పిల్ల చేతిలో నా ఎడమకాలి చెప్పుంది. ఎందుకు పట్టుకెళ్ళిందో. తొడుక్కోమని నాకు తేబోయిందేమో, దారి తప్పిందేమో. మూడేళ్ళు నిండని దానికి ఏం తెలుసు.

అమలమ్మకి కాఫీ ఇచ్చి, నాగవేణికి నేనే చెబుతానన్నాను. చెబుతాను. ఇప్పుడు ఆషాఢం డిస్కౌంట్లు. చీరల కొట్టులో ఊపిరాడదు, ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల పాదాలు వాచి ఉంటాయి. కాస్త తెరిపిన పడ్డాక చెబుతాను.

మంగళవారం

గడియ వేశాను. వేసినట్టే గుర్తు.

గురువారం

అమలమ్మ చెప్పేసింది. మంచిదే. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నాగవేణి పిల్లని ఒళ్ళో వేసుకుని చేతులూ కాళ్ళూ తడిమి చూసింది, చీర విప్పి ఎక్కడన్నా చిరుగుందా అని చూసినట్టు. ఎప్పుడో శుక్రవారం జరిగినదానికి ఇవాళ చూస్తే ఏం కనబడుతుంది. తర్వాత వంటింట్లో మొగుడూ పెళ్ళాం మెల్లగా మాట్లాడుకున్నారు. నేను వినలేదు. చెవిన పడింది.

వీధి చివర అంగన్‌వాడీలో కొత్తగా పిల్లల్ని చూసుకునే సెంటరు పెట్టారట. ప్రభుత్వానిదే. పనికెళ్ళే తల్లులు పొద్దున వదిలేసి సాయంత్రం తెచ్చుకోవచ్చు. అన్నం, గుడ్డు, ఊయల, ఆయా, అన్నీ ఉంటాయి, రూపాయి కట్టక్కర్లేదు. ప్రైవేటు వాళ్ళ దగ్గరయితే నాగవేణి జీతం చాలావరకు వాళ్ళకే పోతుంది. చిక్కల్లా సీట్లు తక్కువ. ఇంట్లో పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్ళు లేనివాళ్ళకి ముందు ఇస్తారు. పెద్దవాళ్ళున్నా వాళ్ళవల్ల కాదని డాక్టరు రాసిస్తే అప్పుడూ ఇస్తారు.

అన్నాల దగ్గర సురేష్ ఈ సంగతి ఎత్తాడు. వాడిది కొండపల్లి దగ్గర కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. వాడు పిల్లని ఎప్పుడని చూస్తాడు.

"అయితే నాకు చేతకాదని రాయించాలన్నమాట" అన్నాను.

వాడు కంచంలోకి చూశాడు. నాగవేణే అంది, "చేతకాదని కాదత్తయ్యా. వయసు మీద పడిందని. అంతే."

సరే అన్నాను. పిల్లకంటేనా.

శుక్రవారం

చేతకాదని డాక్టరు రాస్తే పింఛను ఆపేస్తారేమో. ఈ ముసలిదానికి ఒళ్ళు స్వాధీనంలో లేదు, వేలిముద్ర చెల్లదు అంటారేమో. వీధిలో పిల్లని ఎత్తుకుని వెళ్తుంటే ఆపి అడుగుతారేమో. ఓటు ఉంటుందో ఉండదో. అక్కడ ఆయా చేతులు కడుక్కుంటుందో లేదో. సాంబారు మీద మూత పెడతారో లేదో. ఊయల తాడు ఎవరు చూస్తారు. ఎవరో తల్లి వస్తుంది, తలుపు తీసి పెట్టి వెళ్తుంది. అక్కడ గడియ ఎవరు వేస్తారు.

శనివారం

ఆసుపత్రికి వెళ్ళొచ్చాం. నాగవేణి కొట్టులో పూట సెలవు అడిగింది. ఆషాఢంలో సెలవడిగితే యజమాని మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆటోలో నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి అత్తయ్యా. మధ్యాహ్నం మగత వస్తుందని, కళ్ళు తిరుగుతాయని. ఏదీ కల్పించక్కర్లేదు."

అలాగే అన్నాను. అలాగే చెబుదామనుకున్నాను.

నాకు పెడన గుర్తొచ్చింది. పెళ్ళై ఆ ఊరికి వెళ్ళిన కొత్తలో మా అత్తగారు నేర్పింది ఒక్కటే. మగ్గాల లెక్కకి ఆఫీసర్లు వస్తున్నారని కబురు రాగానే ఎక్కడి పని అక్కడ వదిలేసి మగ్గం దగ్గర కూర్చోవాలి. ఆడే మగ్గానికే నూలు, ఆడే మగ్గానికే పేరు. నూలు లేక నెలల తరబడి బూజుపట్టిన మగ్గమైనా సరే, ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడు, నేను రాట్నం ముందు. ఒకసారి ఆయనకి మలేరియా. దుప్పటి కప్పుకుని, పళ్ళు టకటకలాడుతూ పోగు చుట్టిన నాడె అటూ ఇటూ విసిరాడు. ఆఫీసరు "బాగుంది వెంకటప్పయ్యా" అని రాసుకుపోయాడు. ఆయన్ని గుంటలోంచి పైకి లాగడానికి ఎదురింటివాళ్ళు రావాల్సి వచ్చింది. కానీ పేరు నిలబడింది. సర్కారు మనిషి ఎదుట చేతులు ఆడుతూ ఉండాలి. ఆగిన చేతికి ఏమీ రాదు. మా వీధి వీధంతా అలాగే బతికింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. తెల్లకోటు వేసుకుంది, చేతిలో పెన్నుంది. ఆ పెన్ను చూడగానే నా నడుం దానంతటదే నిటారైంది.

"పాపని మీరొక్కరే చూసుకోగలుగుతున్నారా మామ్మగారూ?" అని మర్యాదగానే అడిగింది.

వంట నేనే అన్నాను. బట్టలు నేనే, నీళ్ళు పట్టడం నేనే, పిల్లకి స్నానం నేనే. మగత రాదా అంటే పగటి నిద్ర మా ఇంటా వంటా లేదన్నాను. పక్కన నాగవేణి నా మోచేయి తాకింది. చూపు ఎలా ఉందని అడిగింది డాక్టరమ్మ. బల్ల మీద కట్లు కట్టే గుడ్డ చుట్ట ఉంది, దాని అంచున పోగు తెగి వేలాడుతోంది. నుదుటి విభూతి వేలికి అద్దుకున్నాను. మాకు నేతలో పడుగు పోగులు అతకడానికి బూడిదే కదా. రెండు కొసలూ కలిపి మెలితిప్పి ఆవిడ ముందు పెట్టాను. నా కళ్ళకి అతుకు కనబడలేదు. అంటే, అంత బాగా కుదిరిందని.

ఆవిడ నవ్వి, మామ్మగారికి ఏ లోటూ లేదండీ అని నాగవేణితో అంది. అదే రాసింది కూడా.

బయట చెట్టు కింద బల్ల మీద కూర్చున్నాం. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి.

"కావాలనే చేశారా అత్తయ్యా?"

కాదన్నాను.

ఆదివారం

కావాలని చేయలేదు.

బుధవారం

మళ్ళీ రాస్తున్నాను. కావాలని చేయలేదు. పెన్ను పట్టుకున్న మనిషి అడిగేసరికి అలా వచ్చేసింది.

శ్రావణం వచ్చింది

సీటు రాలేదు. నాగవేణి కొట్టు మానేసి ఇంట్లో ఉంటోంది. మానేసినట్టు కాదు. వరలక్ష్మీ వ్రతం అమ్మకాలప్పుడు మనిషి లేకపోతే ఎలాగమ్మా అని యజమాని వెంకటకృష్ణారావుగారు ఫోను చేశాడు. నెలాఖరుదాకా చూస్తాడట, తర్వాత ఇంకో పిల్లని పెట్టుకుంటాడట. ఆయన తప్పేం లేదు. నాగవేణి పట్టుచీర విప్పి భుజాన వేసుకుంటే కొనడానికి రానివాళ్ళు కూడా కొంటారని ఆయనే అంటాడు. ఇంటర్ పూర్తిచేయని పిల్ల, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా నిలబడింది ఆ కొట్టులోనే.

ఇప్పుడు ఇంట్లో ఉన్న పాతచీరలే తీసి మళ్ళీ మళ్ళీ మడత పెడుతోంది.

నేను సాయిశ్రీకి నీళ్ళు పోస్తుంటే తలుపు దగ్గర నిలబడుతుంది. తను స్నానానికి వెళ్తే పిల్లని కూడా తీసుకెళ్తుంది. నన్ను ఒక్కమాట అనదు. అంటే బాగుండు.

శ్రావణ శుక్రవారం

అంగన్‌వాడీ టీచరు కనకదుర్గ పిల్ల బరువు చూడటానికి వచ్చింది. మజ్జిగ ఇచ్చాను. ఆ అమ్మాయి గలగలా మాట్లాడుతుంది, ఇంటికొస్తే ఇల్లు తెల్లవారినట్టు ఉంటుంది. ఎవరో ఊరు మారి వెళ్ళిపోయారట, ఒక సీటు ఖాళీ అయిందట. వార్డు సచివాలయం వాళ్ళ కంప్యూటరులో ఏ ఇంట్లో ఎవరెవరున్నారో ఉంటుంది, దాన్ని మ్యాపింగ్ అంటారు. ఈ ఇంటి మ్యాపింగ్‌లో మీ పేరు లేకపోతే మీ పాపకే వచ్చేది మామ్మగారూ అంది. వాన పడుతుందేమో అన్నట్టు అంది. గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

గ్లాసు కడగడం మర్చిపోయి కూర్చున్నాను.

శనివారం

పెడనలో చెల్లెలికి ఫోను చేశాను. నాంచారమ్మ ఎప్పుడూ అంతే, పలకరింపులోనే పొడుస్తుంది.

"ఏమే అక్కా, కోడలు గెంటిందా?"

ఛ, బంగారం లాంటి పిల్ల అన్నాను.

"బంగారం లాంటి పిల్లలే గెంటుతారు. గొంతెత్తకుండా."

సంగతంతా చెప్పి, మీ ఇంటి మ్యాపింగ్‌లో నా పేరు ఎక్కించుకుంటావా అని అడిగాను.

"పేరొక్కటే వస్తుందా, నువ్వూ వస్తావా? పేరైతే గోడక్కొట్టుకుంటా. మనిషైతే మంచం చూడాలి."

పేరొక్కటే అన్నాను.

సోమవారం

సురేష్ కూడా అదే అన్నాడు. కాగితం మీద పెడన, మనిషివి ఇక్కడే. నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా అన్నాడు. సాయంత్రం నాగవేణి నా తలకి తనే నూనె రాసింది.

సచివాలయంలో వేలిముద్ర పడలేదు. నూలు లాగి లాగి వేళ్ళు నున్నగా అయిపోయాయి, పింఛనుకీ ఇదే తంటా. కంట్లోకి చూసే మిషను పెట్టారు. ఆ అమ్మాయి ఏవో నొక్కింది. తెర మా వైపు తిప్పి, సరిచూసుకోండి అంది. సురేష్, నాగవేణి, సాయిశ్రీ. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు కదండీ అని అడిగింది. నేను వాళ్ళ వెనకాలే నిలబడి ఉన్నాను. సురేష్ తెర వైపే చూస్తున్నాడు.

"లేరు" అన్నాను. నేనే అన్నాను, వాడికి రావడం లేదని.

మంగళవారం

సీటు వచ్చింది.

గురువారం

మొదటిరోజు ఏడ్చిందట. ఇవాళ ఆయా శౌరమ్మ చంకెక్కి వెళ్ళిందట, వెనక్కి చూడలేదట. నాగవేణి కళ్ళు తుడుచుకుంటూ చెప్పి, నెలాఖరు లోపలే కొట్టుకి వెళ్ళిపోయింది. పౌడరు రాసుకుంది. ఎన్నాళ్ళకో.

పగలంతా ఇల్లు నాదే. వంట చేశాను. గిన్నెలు తోమాను. గడియ వేశానా లేదా అని ఊరికే వెళ్ళి చూస్తున్నాను. లోపల ఎవరున్నారని.

తర్వాత శనివారం

ఎవరు తలుపు తట్టినా స్నానాలగదిలోకి వెళ్తున్నాను. గ్యాసువాడొచ్చినా, అమలమ్మ అయినా. సురేష్ నవ్వుతాడు, గ్యాసువాడు కలెక్టరుకి చెబుతాడా అంటాడు. వాడికేం తెలుసు. ఒకరి నోట పడితే చాలు. సీటు పోతుంది. సీటు పోతే నాగవేణి మళ్ళీ పాతచీరలు మడతపెట్టుకుంటూ కూర్చుంటుంది. సాయంత్రాలు గుమ్మంలో కూర్చోవడం కూడా మానేశాను.

"ఎండలోకి రండి భద్రమ్మగారూ, బూజు పడతారు" అంటుంది అమలమ్మ కిటికీలోంచి.

సాయిశ్రీకి ఇది పెద్ద ఆట. తలుపు చప్పుడు కాగానే నా వేలు పట్టుకుని గదిలోకి లాక్కెళ్తుంది. ఉష్ అని పెదాల మీద వేలు పెట్టుకుంటుంది. మనిషి వెళ్ళిపోగానే వచ్చి తలుపు తీసి, వెళ్ళిపోయారు, రా అంటుంది. ఎంత తెలివి. మా అత్తగారి పోలిక.

వినాయక చవితి వెళ్ళిన ఆదివారం

ఇవాళ సెంటరుకి సెలవు. నాగవేణికి కొట్టు ఉంది. సురేష్‌కి రాత్రి షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. తలుపు చప్పుడైంది. నేను స్నానాలగదిలోకి వెళ్ళి బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను.

కనకదుర్గ గొంతు. పిల్ల ఫొటో ఏదో కావాలట. సురేష్ తడబడుతున్నాడు, రండి, కూర్చోండి, పాప ఆడుకుంటోంది అంటున్నాడు. తర్వాత చిన్న చిన్న అడుగులు. సాయిశ్రీకి టీచరంటే ప్రాణం కదా. రోజూ అన్నం పెట్టే మనిషి. దాచిన బొమ్మ ఎవరికన్నా చూపించాలంటే ఇష్టమైనవాళ్ళకే చూపిస్తారు పిల్లలు.

తలుపు తెరుచుకుంది. టీచరు వేలు పట్టుకుని నిలబడి ఉంది మా పిల్ల. మొహమంతా నవ్వు.

నేను పమిట సర్దుకుని లేవబోయాను. ఆ అమ్మాయే చెయ్యి అందించి లేపింది. నా మొహంలోకి చూసింది. మా ఇంట్లో మజ్జిగ తాగిన పిల్ల.

"ఏ ఊరు మామ్మగారూ?" అంది.

"పెడనమ్మా. పిల్లని చూసిపోదామని వచ్చాను."

"ఎప్పుడు ప్రయాణం?"

"రేపే" అన్నాను.

జాగ్రత్తగా వెళ్ళండి అంది. ఏమీ రాసుకోలేదు. గుమ్మం దిగుతూ, సురేష్ వైపు చూడకుండా, ఈ వారంలో సూపర్‌వైజర్ మేడం ఇళ్ళు తిరుగుతారట అని చెప్పి వెళ్ళింది.

సాయంత్రం నాగవేణి వచ్చాక చెప్పాం. చెప్పులు కూడా విప్పకుండా విన్నది.

"ఉండండి అత్తయ్యా. ఏదో ఒకటి చూద్దాం" అంది.

ఆ మాట అనేముందు కాస్త ఆగింది. అలిసిపోయి వచ్చింది కదా.

నేను రేపే అన్నాను. ఆ అమ్మాయితో రేపని చెప్పాను. ఆ అమ్మాయి నన్ను చూసీ రాయలేదు. పై మనిషి వచ్చి నన్ను చూస్తే ముందు ఆ అమ్మాయిని అడుగుతారు. నావల్ల ఇంకొకరి పేరు పోవడం ఎందుకు. పైగా నాంచారమ్మ మంచం కొంటానంది. దాని దగ్గరయితే పగలు కాస్త నడుం వాల్చినా ఎవరికీ భయం లేదు. పెడన ఏమంత దూరం. బస్సెక్కితే చాలు.

నాగవేణి నా చీరలు తనే మడతపెట్టి సంచిలో సర్దింది. కొట్టులో పెట్టే మడత. ఒక్క ముడత లేదు. సర్దుతున్నంతసేపూ తలెత్తలేదు.

"పండక్కి వస్తారుగా" అంది.

చుట్టంలా వస్తాను అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

పెడన, మంగళవారం

నాంచారమ్మ మంచం కొనలేదు. తనది నాకిచ్చి తను నులకమంచం వేసుకుంది. మాటలకేం, దాని నోరే అంత.

పొద్దున లేచి పాలగ్లాసు చల్లార్చాను. ఎవరికని నాంచారమ్మ అడిగింది. నేనే తాగాను.

గురువారం

సూపర్‌వైజర్ వచ్చి చూసి వెళ్ళిందట. అంతా సరిగ్గానే ఉందని రాసిందట. సురేష్ చెప్పాడు. మంచి కబురు.

ఊయల తాడు సంగతి అడగమన్నాను. అడుగుతానన్నాడు.

ఆదివారం

ఇవాళ ఫోను చేశారు. నాగవేణి గొంతు తేలిగ్గా ఉంది. దసరాకి కొత్త చీరలు దిగుతున్నాయట, పట్టుచీరల కౌంటరు తనకే ఇచ్చారట. నీరసంగా ఉందా, బిళ్ళలు వేసుకుంటున్నారా అని అడిగింది. వేసుకుంటున్నానన్నాను. తర్వాత ఆగి, సాయిశ్రీ సంగతి చెప్పింది. సెంటరు నుంచి రాగానే స్నానాలగది తలుపు తీసి చూస్తోందట. బీరువా వెనకాల, మంచం కింద. నానమ్మ ఊరెళ్ళిందే అంటే నవ్వుతుందట, నాకు తెలుసులే అన్నట్టు.

మీరే చెప్పండి అత్తయ్యా, మేం చెబితే నమ్మడం లేదు అంది. ఫోను దాని చెవికి పెట్టింది.

ముందు ఊపిరి మాత్రం వినబడింది. తర్వాత గుసగుసగా అంది, "నానమ్మా. టీచరు వెళ్ళిపోయింది. ఇంక రా."

చెబుదామనే నోరు తెరిచాను. అదే మాట మళ్ళీ అంది. ఇంక రా.

నేనూ గొంతు తగ్గించాను. ఇంకా వెళ్ళలేదు తల్లీ, చప్పుడు చెయ్యకు అన్నాను.